పార పాడయ్యేది కన్ను దగ్గరే: తోట పనిముట్లు ఏళ్ళ తరబడి మన్నాలంటే ఏం చేయాలి

మీ పెరట్లో గోడవారగా పడేసిన పాత పనిముట్లు ఒకసారి బయటికి తీసి చూడండి. కర్ర విరిగిన పార, పిడి ఊడిన కొడవలి, మెడ వంగిన బొరిగె, ఏవుంటే అవి. మొన అరిగి అరిగి ఇక లాభం లేదని పక్కన పెట్టింది ఒక్కటైనా ఉందా? ఉంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళకి దండం పెట్టండి. మిగతావాటిలో చాలావరకు ఇనుము గట్టిగానే ఉంటుంది, పోయింది మాత్రం ఇనుమూ కర్రా కలిసే చోట, అంటే కర్ర దూరే పార కన్ను దగ్గరో, కొడవలి పిడి మొదట్లోనో, షావెల్ గొట్టం అతుకు దగ్గరో. ఈ కాలం సరుకు రెండు వానలకి కూడా ఆగట్లేదని హార్డ్‌వేర్ షాపు ముందు నిలబడి తిట్టుకుంటాం గానీ, కొనేటప్పుడు మనం చూసేది రంగూ బరువూ ధరా. ఆ కలిసే చోటు ఎవరూ చూడరు. కింద చెప్పేదాంట్లో ముఖ్యమైన భాగం ఆ చోటు గురించే.

ముందు మీ నేల ఏదో చూసుకోండి

ఒకే పార అన్ని చోట్లా ఒకేలా మన్నదు. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఇసుక కలిసిన నేల, తవ్వడం తేలిక, కొబ్బరి చెట్టు చుట్టూ పళ్ళెం చేయాలంటే పెద్ద కష్టమేం కాదు. కానీ ఇసుక రేణువు అంటే క్వార్ట్జ్, మోస్ గట్టితనం స్కేలు మీద దానిది 7, మన పార ఇనుము సాధారణంగా దాని కంటే కిందే ఉంటుంది, కాబట్టి వేసిన ప్రతి వేటుకీ మొన కొంచెం కొంచెం అరుగుతుంది. పైకి చూస్తే మెరుస్తూ అందంగా ఉంటుంది, అందుకే అరుగుతోందని తెలియదు. విజయనగరం వైపు గజపతినగరం, బొబ్బిలి, చీపురుపల్లి మెట్టల్లో ఎర్ర నేల, గరుసు, మధ్యమధ్య రాళ్ళు. అక్కడ మొన అరగడం కంటే పెచ్చులూడడం ఎక్కువ, రాయి తగిలినప్పుడల్లా ఆ అదురు కర్రలోంచి చేతికి వచ్చేలోపు కన్ను దగ్గర కూర్చుంటుంది. నాగావళి, వంశధార ఒడ్డు పొలాల్లో బంక మట్టి పారని వదలదు, లాగినప్పుడల్లా తల వదులవుతుంది.

ఇసుక నేలకి వెడల్పు పార, పల్చటిదైనా పర్వాలేదు. గరుసు నేలకి మూతి చిన్నది, రేకు మందంగా ఉన్నది తీసుకోండి, ముందు గునపంతో కదిపి తర్వాత పారతో లాగండి. సముద్రం దగ్గరున్నవాళ్ళకి, బారువ, కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు, ఇంకో తలనొప్పి ఉప్పు గాలి. గాలిలో తేమ 70 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టడం జోరందుకుంటుంది, పైన ఉప్పు పొర ఉంటే మాత్రం అంత తేమ కూడా అక్కర్లేదు, ఉప్పే గాలిలోని నీటిని లాక్కుంటుంది. మీరు వారం రోజులు పార ముట్టుకోకపోయినా అది పాడవుతూనే ఉంటుందన్నమాట.

కొనేటప్పుడు

షాపులో పార చేతికి ఇవ్వగానే మొన కాదు, తిప్పి కన్ను చూడండి. కన్ను రేకుతో పాటు ఒకే ముక్కగా సాగగొట్టి చేసిందా, విడిగా గుండ్రటి పట్టీ చేసి వెల్డింగ్ పెట్టిందా? వెల్డింగ్ పెట్టింది పనికిరాదని కాదు, కానీ ఆ వెల్డింగ్ చుట్టూ మొత్తం తిరిగి ఉండాలి, రెండు చోట్ల చుక్కలు పెట్టి పైన రంగు కొట్టి ఉంటే వదిలేయండి. రంగు మందంగా ఉన్న చోట గోటితో గీరండి, లోపల పగులో, పూసిన లప్పమో బయటపడుతుంది. షాపువాడు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి, డబ్బులు మీవి.

తర్వాత శబ్దం. పారని కన్నులో వేలు పెట్టి వేలాడదీసి, తాళంచెవితో రేకు మీద కొట్టండి. మంచి ఉక్కు ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది, పగులు ఉన్నదీ, మెత్తటి ఇనుమూ టప్‌మని ఆగిపోతాయి. పక్కన ఇంకో రెండు పారలు పెట్టుకుని పోల్చితేనే ఈ తేడా చెవికి దొరుకుతుంది, ఒక్కదాన్ని కొట్టి చూస్తే ఏమీ తెలియదు.

మూడోది ఆకురాయి పరీక్ష. చిన్న ఆకురాయి జేబులో పెట్టుకెళ్ళి మొన అంచున ఒక్కసారి లాగండి. ఆకురాయి లోతుగా కొరికి రజను రాలితే మెత్తటి ఇనుము. జారుతూ జారుతూ కొంచెమే పట్టిందంటే దానికి గట్టిదనం ఉంది. అసలు పట్టకుండా గాజు మీద జారినట్టు జారిపోతే కాల్చి ముంచి మరీ గట్టిపరిచారని, గరుసు నేలలో అలాంటిది పెచ్చులూడుతుంది.

పెద్ద కంపెనీల పారల్లో టాటా అగ్రికో లాంటివి మన షాపుల్లో మామూలుగానే దొరుకుతాయి. ఐఎస్ఐ ముద్ర ఉన్నదైతే నాణ్యతకి ఎంతోకొంత హామీ, భారత ప్రమాణాల్లో పారకి కూడా 1759 నంబరుతో విడిగా ఒక ప్రమాణం ఉంది. ముద్ర అచ్చులో గట్టిగా దిగి ఉండాలి, స్టిక్కరు మీదే ఉంటే నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఇంకో దారి మన ఊరి కమ్మరి. లారీ కమాను పట్టీతో కత్తో, బొరిగెనో, కొడవలో చేయించుకుంటే దానికి సాటి వచ్చేది షాపులో అరుదు. కారణం మంత్రం కాదు, కమాను పట్టీ ఉక్కులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, గేట్లూ కిటికీ ఊచలూ చేసే మైల్డ్ స్టీలులో 0.25 లోపే. కార్బన్ తక్కువ ఉన్నదాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినా అది చెప్పుకోదగ్గంత గట్టిపడదు. కాబట్టి కమ్మరి దగ్గరికి వెళ్ళినప్పుడు ఎంత అని అడిగే ముందు దేంతో చేస్తావని అడగండి.

చిన్న చేతి పనిముట్ల సంగతి ఒక్క మాట. పూలకుండీల దగ్గర వాడే రంగురంగుల ప్లాస్టిక్ పిడి సెట్లు ఉంటాయి కదా, అవి కుండీలో వదులు మట్టికి మాత్రమే. నేలలో గుచ్చి ఒక్కసారి ఎత్తితే మెడ దగ్గర వంగుతాయి. బొరిగె కొనేటప్పుడు ఇనుప తోక పిడిలో ఎంత లోపలికి వెళ్ళిందో అడగండి, పిడి చివరిదాకా వెళ్ళి అవతల మడిచి ఉంటే అంతకంటే మంచిది లేదు. కొమ్మలు కత్తిరించే కత్తెరకైతే స్ప్రింగూ నట్టూ విడిగా దొరుకుతాయా లేదా అన్నది అడగండి, ఎందుకంటే బ్లేడు బాగానే ఉండి స్ప్రింగు ఎగిరిపోయి మూలనపడే కత్తెరలే ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు సముద్రతీరం వాళ్ళకి చేతి పనిముట్లలో మంచిదే, కానీ పారకి దాన్ని వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు.

కర్ర బిగించడం

అసలు పని ఇదే, తొందరపడకండి.

పార కామకి, అంటే పిడి కర్రకి, తుమ్మ మంచిది. సరుగుడు మన తీరంలో చవకగా దొరుకుతుంది గానీ పచ్చిగా ఉన్నప్పుడు బిగిస్తే ఆరుతూ పగుళ్ళిస్తుంది. ఏ కర్రైనా చేవ ఉన్నది చూడండి, పైన తెల్లటి పొర ఎక్కువగా ఉన్నదానికి చెదలు ముందు పడతాయి. కర్రలో గీతలు ఈ చివర నుంచి ఆ చివరకి నిలువుగా సాగాలి. గీత మధ్యలో పక్కకి తప్పుకుని బయటికి వచ్చేస్తే సరిగ్గా అక్కడే విరుగుతుంది, రేపో ఎల్లుండో అనేదే తేడా. ముడి ఉన్నా పర్వాలేదు, కన్ను దగ్గర మాత్రం ఉండకూడదు. కోసిన కర్రని తొక్క తీసి నీడలో, నేలకి తగలకుండా, నెలల తరబడి ఆరనివ్వండి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందనుకుంటారు, చివర్లు పగిలిపోతాయి. అంత ఓపిక లేకపోతే ఆరిన కర్రే కొనండి. పచ్చి కర్రకి పార బిగించి వాడేద్దాం అనుకుంటే మాత్రం, ఆరేకొద్దీ కర్ర సన్నబడి తల ఊగుతుంది, ఊగిందంటే కన్ను లోపలి అంచు కర్రని కోస్తూ ఉంటుంది, అక్కడి నుంచి ఎక్కువ రోజులు పట్టదు.

బిగించే ముందు కన్ను లోపల చేయి పెట్టి చూడండి, పదునైన ఇనుప ముళ్ళు ఉంటే ఆకురాయితో నున్నగా తీసేయండి. రెండు వైపులా కొలవండి, సాధారణంగా ఒక వైపు కాస్త వెడల్పు ఉంటుంది. అలా ఉంటే కర్రని సన్నటి వైపు నుంచి దూర్చి, వెడల్పు వైపు బయటికి వచ్చిన చివరలో చీల దిగగొట్టాలి. కర్ర అక్కడ విచ్చుకుని కన్నుని నింపేస్తుంది, ఇక తల ముందుకి జారదు. కర్ర చివర ముందే రంపంతో ఒక చీలిక కోసి పెట్టుకోండి, కన్ను లోతులో మూడింట రెండు వంతులు చాలు. చీల కూడా బాగా ఆరిన గట్టి కర్రతోనే చేయండి.

కర్రని కన్నులోకి ఎక్కించడానికి చాలామంది పార తలని సుత్తితో బాదుతారు. అక్కర్లేదు. తల కొంచెం ఎక్కాక కర్రని నిలువుగా, తల కిందికి వేలాడేట్టు గాల్లో పట్టుకుని, పైనున్న కర్ర చివరని చెక్క సుత్తితో కొట్టండి. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ బరువైన తల ఉన్నచోటే ఆగి కర్ర దాంట్లోకి దిగుతుంది, ప్రతి దెబ్బకీ ఒక్కో గీత లోపలికి పోవడం కంటికి కనిపిస్తుంది. ఇక దిగనప్పుడు దెబ్బ శబ్దం మారుతుంది, డొల్ల మోత పోయి గట్టిగా పలుకుతుంది. అప్పుడు ఆపి చీల కొట్టండి.

చీల బదులు మేకులు దిగగొట్టడం, సైకిలు ట్యూబు ముక్కలు చుట్టడం మన ఊళ్ళలో అందరూ చేసే పనే. ఆ పూటకి పని గడుస్తుంది. మేకు తుప్పు పట్టి చుట్టూ కర్రని నల్లగా కుళ్ళబెడుతుంది, ట్యూబు కింద తేమ నిలిచి అదే పని చేస్తుంది. పొలంలో అత్యవసరానికి సరే, ఇంటికొచ్చాక తీసేయండి.

ఇప్పుడు అసలు అలవాటు గురించి. తల ఊగితే పారని రాత్రంతా నీళ్ళ తొట్టిలో నానబెట్టడం. పొద్దున్నే కర్ర ఉబ్బి రాయిలా బిగుసుకుంటుంది, నిజమే. కానీ ఇనుప కన్ను సాగదు కదా, ఉబ్బిన కర్రకి చోటు లేక దాని పోగులు నలిగిపోతాయి, ఆరాక ఆ కర్ర ముందున్న లావుకి కూడా రాదు, ఇంకా సన్నబడుతుంది. మళ్ళీ ఊగుతుంది, మళ్ళీ నానబెడతాం. పార్వతీపురం వైపు ఒక కమ్మరి ఒకాయన తెచ్చిన పారని అటూ ఇటూ తిప్పి అన్న మాట: "ఇనుముకేటవనేదు బాబూ, నీళ్ళల్లో నానబెట్టీసి నానబెట్టీసి కర్రనే సంపీసినారు." నీళ్ళ బదులు అవిసె నూనెలో కన్ను వైపు చివరని రెండు మూడు రోజులు నిలబెట్టండి, ఆ నూనె పోగుల్లోకి దిగి లోపలే గట్టిపడుతుంది కాబట్టి కర్ర మళ్ళీ అంతగా సన్నబడదు.

కర్రకి నూనె, ఏ నూనె

కొత్త కర్ర మీద షాపువాళ్ళు కొట్టిన వార్నిష్ ఉంటే గరుకు కాగితంతో గీకి తీసేయండి. వార్నిష్ మీద చెమట నిలిచి చేతులు బొబ్బలెక్కుతాయి, అది పెచ్చులూడిన చోట నీళ్ళు దిగి ఆరవు. ఆ తర్వాత అవిసె నూనె, పెయింట్ షాపులో లిన్సీడ్ ఆయిల్ అని అడగండి, బట్టతో పల్చగా రుద్ది, పావుగంట ఆగి మిగిలింది తుడిచేయండి. ఒక రోజు వదిలి మళ్ళీ. మూడు నాలుగు సార్లు పట్టిస్తే కర్ర ఇక తాగనంటుంది. ఆముదం, కొబ్బరి నూనె ఇంట్లోనే ఉంటాయి కదా అంటారు, అవి గాలికి గట్టిపడే నూనెలు కావు, కర్ర మీద జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటాయి. ఇనుముకి మాత్రం భేషుగ్గా పనికొస్తాయి.

ఒక జాగ్రత్త, తేలిగ్గా తీసుకోవద్దు. అవిసె నూనె తడిసిన గుడ్డ ఉండచుట్టి మూలన పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరేటప్పుడు ఆ నూనె వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడికి బయటికి దారి ఉండదు. గుడ్డని విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో తడిపి పడేయండి. గడ్డివాము పక్కన అసలు వద్దు.

పలాస చుట్టుపక్కల వాళ్ళకి జీడి తొక్క నూనె గుర్తొస్తుంది. పడవ చెక్కలకి చెదలూ పురుగూ పట్టకుండా అది రాయడం పాత పద్ధతే, నిజంగానే బాగా పనిచేస్తుంది. కానీ చేత్తో పట్టుకునే పిడికి మాత్రం పొరపాటున కూడా రాయకండి. చర్మం కాలి పుండవుతుంది, జీడిపిక్కలు ఒలిచేవాళ్ళ వేళ్ళు చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు.

మొన తీయడం

మొద్దుబారిన పారతో పని చేస్తే బలమంతా మనం పెట్టాలి, ఎక్కువ బలంగా వేస్తాం, ఆ అదురు మళ్ళీ కన్ను మీదే. అందుకే మొన కూడా చూసుకోవాలి.

పారని గట్టు మీద కాలితో తొక్కిపట్టి గానీ, బెంచి వైస్‌లో బిగించి గానీ, ఇప్పటికే వాలు ఉన్న వైపే ఆకురాయి పట్టండి. రెండో వైపు లేచిన సన్నటి గరుకు అంచుని ఒక్కసారి తీసేస్తే చాలు. వాలు గరుసు నేలకి నిలువుగా, అంటే 45 డిగ్రీల దగ్గర, ఇసుక నేలకి కాస్త పల్చగా, 30 దగ్గర. కోణం కొలిచే పని లేకుండా అంచు మీద మార్కర్ పెన్నుతో గీత గీసి ఆకురాయి ఆడించండి, రంగు వాలంతా సమంగా పోతుంటే మీ చేయి సరిగ్గానే ఉంది. ఆకురాయి ముందుకి తోసినప్పుడే కోస్తుంది, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి, లేకపోతే ఆకురాయి పళ్ళు మొద్దుబారతాయి.

గ్రైండర్‌తో అరనిమిషంలో అయిపోతుంది, అందుకే అందరూ దాని వైపే. పారకి పెద్దగా నష్టం లేదు గానీ కత్తికీ కత్తెరకీ జాగ్రత్త. ఉక్కు వేడెక్కేకొద్దీ రంగు మారుతుంది, 220, 230 డిగ్రీలకి ఎండుగడ్డి రంగు, 300 దగ్గరికొచ్చేసరికి నీలం. కత్తి అంచున నీలం కనిపించిందంటే అక్కడ గట్టిదనం పోయింది, ఇక ఎంత సాన పట్టినా పదును నిలవదు. రెండు మూడు క్షణాలు ఆనించి నీళ్ళలో ముంచుతూ చేయండి, చేత్తో ముట్టుకోలేనంత వేడి రాకూడదు. అన్నట్టు, కళ్ళద్దాలు లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

పళ్ళున్న కొడవలికి ఆకురాయి అడ్డంగా పెట్టి నున్నగా చేసేయకండి. ఆ పళ్ళే కోసేవి. కక్కు అరిగితే కమ్మరి దగ్గర మళ్ళీ కక్కు వేయించుకోండి.

పార మొన సగం అరిగాక కమ్మరి దగ్గర కాల్చి సాగగొట్టించొచ్చు, లేదా కొత్త ఉక్కు పట్టీ అతికించొచ్చు. వెల్డింగ్ షాపులో అతికిస్తే ఒక మాట చెప్పండి, అయ్యాక నీళ్ళు పోయొద్దని. కార్బన్ ఉన్న ఉక్కుకి వెల్డింగ్ పక్కనే ఉన్న భాగం త్వరగా చల్లారితే గాజులా పెళుసెక్కి మొదటి రాయికే విరుగుతుంది. పొడి బూడిదలో పూడ్చి మెల్లగా చల్లారనిస్తే ఆ బాధ ఉండదు. సత్తు పూత (గాల్వనైజ్డ్) ఉన్న రేకు సామాను మాత్రం కొలిమిలో పెట్టించకండి, ఆ పొగ పీల్చినవాళ్ళకి జ్వరం వస్తుంది.

వాడేటప్పుడు

పార తవ్వడానికి, లాగడానికి. వేరు అడ్డం వస్తే దాని కింద మొన దూర్చి కర్ర మీద బరువేసి పైకి లేపాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. ఆ బరువంతా కన్ను దగ్గర ఒక్క అంగుళం కర్ర మీద పడుతుంది. దానికి గునపం ఉంది. గునపం తల మీద సమ్మెటతో కొట్టే అలవాటు ఉంటే, ఆ తల విచ్చుకుని అంచులు బయటికి వంగడం గమనించండి. ఆ అంచులు ముక్కలై ఎగిరి కంట్లో పడతాయి. విచ్చుకున్నంత మేర గ్రైండర్‌తో తీసేయించండి.

పనస కాయ కోసే కత్తికి ముందే కొబ్బరి నూనె రాస్తే జిగురు అంటదు, అంటాక అయితే కిరసనాయిలే గతి. యూరియా, పొటాష్ బస్తాల్లోంచి ఎరువు తోడడానికి పార వాడితే వెంటనే కడిగేయండి. మనం పొటాష్ అనేది ఎక్కువగా మ్యూరేట్, అంటే క్లోరైడు ఉప్పు, సముద్రపు గాలి ఇనుముకి చేసే చెడుపే ఇదీ చేస్తుంది. ఇంకా త్వరగా.

పని అయ్యాక ఐదు నిమిషాలు

మట్టి ఆరకముందే కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. తీరం ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే చివర్లో మంచినీళ్ళు ఒక చెంబెడు పోయండి. పొడి గుడ్డతో తుడవండి, ముఖ్యంగా కన్ను చుట్టూ, నీళ్ళు నిలిచేది అక్కడే. ఆ తర్వాత ఇనుము మీద ఆముదమో కొబ్బరి నూనో గుడ్డతో పల్చగా పూయండి.

మెకానిక్ షెడ్డులో ఉచితంగా ఇచ్చే కాలిన ఇంజనాయిలు చాలామంది పూస్తారు. తుప్పు ఆగుతుంది, కాదనను. కానీ దాంట్లో లోహపు మలినాలుంటాయి, అదే పారని తెల్లారి ఆకుకూర మడిలో దింపుతాం. తినే పంట ఉన్న చోట వద్దు.

ఇసుక బకెట్లో నూనె పోసి పనిముట్లు గుచ్చి ఉంచే పద్ధతి వీడియోల్లో చూసి చేసేవాళ్ళకి ఒక్క సంగతి: ఆ ఇసుక సముద్రం ఒడ్డు నుంచి తెచ్చింది కాకూడదు. దాంట్లో ఉప్పు ఉంటుంది, మీరు స్వయంగా తుప్పు పట్టిస్తున్నట్టే. నాగావళి ఇసుకైనా, వంశధార ఇసుకైనా బాగా ఎండబెట్టి వాడండి.

పెట్టే చోటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నేలకి తగలకుండా గోడకి మేకు కొట్టి తల పైకి ఉండేట్టు వేలాడదీయండి. పశువుల శాల మాత్రం వద్దు, అక్కడి తేమా మూత్రం ఘాటూ ఇనుముకి పడవు. కొడవలిని చూరులో దోపడం మన తాతల నాటి అలవాటు, ఎండాకాలం సరే, వానాకాలం చూరు నీళ్ళు కారి కారి సరిగ్గా పిడి మొదట్లోకే దిగుతాయి.

తుప్పు పట్టేస్తే

పైపైన ఎర్రగా ఉంటే కొబ్బరి పీచూ, ఇటుక పొడీ చాలు. ముదిరితే చింతపండు పులుసు చిక్కగా కలిపి, లేదా వెనిగర్లో, ఇనుము భాగం మాత్రమే ఒక రాత్రి నాననివ్వండి. కర్ర తీసేసి చేయడం మేలు. పొద్దున్నే పీచుతో రుద్దితే నల్లటి మడ్డిలా ఊడి వస్తుంది. తర్వాత వంటసోడా కలిపిన నీళ్ళతో కడగాలి, లేకపోతే మిగిలిన పులుపే సాయంత్రానికి మళ్ళీ తుప్పు పట్టిస్తుంది. ఎండలో పెట్టి వేడిగా ఉండగానే నూనె పూయండి. సత్తు పూత ఉన్న వాటికి ఈ పులుపు వైద్యం చేయొద్దు, పూత పోతుంది. కత్తెర నట్టు పట్టేస్తే కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి, బలంగా తిప్పితే మర విరుగుతుంది.

ఎప్పుడెప్పుడు

దీనికి విడిగా క్యాలెండర్ అక్కర్లేదు. ఏరువాక పున్నమికి ముందు మొనలు తీసి, కర్రలు ఊపి చూసి, చీలలు బిగించండి. దసరాకి ఆయుధపూజ అంటూ ఎలాగూ కడిగి బొట్టు పెడతాం, బొట్టు పెట్టే ముందు నూనె కూడా పట్టించండి, ఎందుకంటే సరిగ్గా ఆ వారాల్లోనే మనకి తుఫాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలకూల్చినప్పుడు, దారికి అడ్డంగా పడ్డ చెట్లు కోయడానికి ఇళ్ళలో ఉన్న గొడ్డళ్ళూ రంపాలే దిక్కయ్యాయి. కరెంటు లేనప్పుడు గ్రైండర్ కూడా ఉండదు, కాబట్టి ఆ నెలలో గొడ్డలికి మొన తీసి, చీల సరిచూసి పెట్టుకోండి. తుఫాను వెళ్ళాక ఉప్పునీటి జల్లు పడ్డ ఇనుప సామానంతా ఆ రోజే మంచినీళ్ళతో కడగండి, మర్నాటికి వాయిదా వేయకండి.

ఎప్పుడు పారేయాలి

కన్నులో పగులు కనిపిస్తే ఆ పార ఇక వాడొద్దు. వెల్డింగ్ పెట్టించినా పక్కనే మళ్ళీ పగులుతుంది, తల ఊడి ఎగిరితే ఎవరి కాలి మీద పడుతుందో చెప్పలేం. పగులు కనిపించకపోతే కన్ను చుట్టూ నూనె రాసి తుడిచి, ముగ్గుపిండి చల్లండి. పగులు ఉంటే లోపల చిక్కిన నూనె కాసేపటికి పిండి మీద గీతలా తేలుతుంది. కర్రలో నిలువు పగులు వస్తే తాడు చుట్టి వాడకండి, కొత్త కర్ర వేయండి. తీసేటప్పుడు కొలిమిలో కాల్చి పాత కర్రని వదిలించకండి, మొన గట్టిదనం కూడా దాంతో పోతుంది. రంపంతో కోసి, కన్నులో మిగిలిన ముక్కని మేకుతో బయటికి తన్నండి.

మొన అరిగి జానెడు రేకు మిగిలి, కన్ను మాత్రం బాగున్న పార అయితే పాత ఇనుము కొనేవాడికి ఇవ్వకండి. కర్ర పొడుగ్గా మార్చి కలుపు దోకడానికి పెట్టుకోండి, వంగ మొక్కల మధ్య పెద్ద పార కంటే అదే బాగా తిరుగుతుంది. కన్ను పోయి రేకు బాగుంటే కమ్మరి దగ్గర రెండు ముక్కలు చేయించండి, ఒక బొరిగె, ఒక కొబ్బరి డొక్క ఒలిచే గుచ్చు వస్తాయి, కూలి కూడా పెద్దగా అడగరు.